పొద్దున పాఠం, సాయంత్రం పాఠం... మరి నా పాట ఎప్పుడు?

గోదావరి ఒడ్డున ఉన్న ఒక ఊరి నుంచి ఓ సోదరి ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు, ఊరు కూడా చెప్పొద్దన్నారు. సారాంశం ఇది.

ఆమెకు 36 ఏళ్లు. ఏడో ఏట కర్ణాటక సంగీతంలో తొలి పాఠాలైన సరళీ వరుసలు మొదలుపెట్టి, ఊళ్లోనే ఉన్న గురువుగారి దగ్గర పద్నాలుగేళ్లు నేర్చుకున్నారు. సంగీత కళాశాలలో డిప్లొమా చేశారు. 24 ఏళ్లకే ఆకాశవాణిలో గాయనిగా మొదటి మెట్టు, బి గ్రేడ్ వచ్చింది. పెళ్లయ్యాక 2016లో ఇరుగుపొరుగు పిల్లలు నలుగురితో ఇంట్లో పాఠాలు మొదలయ్యాయి. కరోనా రోజుల్లో ఆన్‌లైన్ క్లాసులు తోడయ్యాయి. ఇప్పుడు మొత్తం 43 మంది. తెల్లవారుజామున 5:30 నుంచి 7:30 దాకా డాలస్, కాలిఫోర్నియాల్లో ఉండే తెలుగు పిల్లలు 11 మంది. సాయంత్రం 4:30 నుంచి 8:30 దాకా ఊళ్లోవాళ్లు 32 మంది. ఆ పదకొండు మంది ఇచ్చే ఫీజు, ఈ ముప్పై రెండు మంది ఇచ్చే ఫీజు దాదాపు సమానం. ఇంటి లోను వాయిదా ఆ డబ్బుతోనే కడుతున్నారు.

పోయిన దసరాకు గుళ్లో కచేరీ చేశారు. కల్యాణి రాగంలో కృతి. దాని రెండో భాగం అనుపల్లవిలో తారస్థాయి గాంధారం, అంటే పై స్థాయి 'గ' దగ్గరకు వెళ్లేసరికి గొంతు జీరబోయి ఆగిపోయింది. ఫిడేలు విద్వాంసుడు ఆ స్వరాన్ని కమానుతో పట్టి నిలబెట్టారట. ఈమె రెండు గుక్కల నీళ్లు తాగి మళ్లీ అందుకున్నారు. "వినేవాళ్లలో సగం మందికి తెలిసి ఉండదు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర లేదు" అని రాశారు. కచేరీ అయ్యాక ఆ ఫిడేలు ఆయనే పక్కకు పిలిచి, "స్వరకల్పనలో లెక్కలు బాగున్నాయమ్మా, రాగమే కనపడటం లేదు" అన్నారట. స్వరకల్పన అంటే రాగంలో అప్పటికప్పుడు స్వరాలు అల్లి పాడటం. దసరాకు ముందే ఆకాశవాణిలో పై మెట్టు బి హై కోసం ఈమె రెండుసార్లు ఆడిషన్ ఇచ్చి ఉన్నారు. రెండుసార్లూ రాలేదు.

సంగతి తెలిసి గురువుగారు, "పాఠాలు చెప్పీ చెప్పీ గొంతు పాడుచేసుకున్నావు" అన్నారు. భర్త లెక్క వేరు. గుడివాళ్లు ఇచ్చిన సంభావన ఐదు వేలు, ఫిడేలుకూ మృదంగానికీ మూడేసి వేలు, ఆటోలు అదనం. "కచేరీ చేసినప్పుడల్లా ఎదురు డబ్బులు పెడుతున్నాం, అవసరమా?" అంటున్నారు. ఈ మధ్యలో ఒక ప్రైవేటు స్కూలు మ్యూజిక్ టీచర్ ఉద్యోగం ఇస్తామంది. "అసలు నేను గాయనినా, టీచర్నా? ఏదో ఒకటి వదిలేయాలా? రెంటికీ చెడ్డ రేవడినయ్యానా?" అన్నది ఆమె ప్రశ్న.

అమ్మా, ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి చదివినప్పుడు నాకూ ఇది కచేరీకీ పాఠానికీ మధ్య పోటీలాగే కనిపించింది. రెండోసారి చదువుతుంటే మీరు ఎక్కడా నొక్కి చెప్పని రెండు మాటలు దొరికాయి. మూడో పేజీలో "పిల్లలకు ఆరు శ్రుతి సుఖంగా ఉంటుందని అదే పెడతాను, నాది ఐదు" అని రాశారు. ఐదో పేజీలో "గురువుగారి దగ్గర కూర్చుని పాఠం చెప్పించుకుని నాలుగేళ్లయింది" అని రాశారు. మీ సమస్య చాలావరకు ఈ రెండు వాక్యాల్లోనే ఉంది.

ముందు శ్రుతి సంగతి. శ్రుతి అంటే పాటకు ఆధారంగా పెట్టుకునే షడ్జం, అంటే 'స' ఎత్తు; అంకె పెరిగితే ఎత్తు పెరుగుతుంది. ఐదు శ్రుతిలో మధ్యస్థాయి షడ్జం పట్టుకుంటే స్వరతంత్రులు సెకనుకు సుమారు 196 సార్లు ఒకదానికొకటి తగులుతాయి. తారషడ్జంలో అది 392. ఆరు శ్రుతికి మారితే ఇవి 220, 440 అవుతాయి. ఒక కృతికి ఇది పెద్ద తేడా కాదు. కానీ మీరు రోజుకు ఆరు గంటలు మీది కాని శ్రుతిలో ఉంటున్నారు. పైగా నిద్ర లేచి ముఖం కడుక్కోగానే, గొంతు ఇంకా విచ్చుకోకముందే 5:30కు ఆరు శ్రుతి అందుకుంటున్నారు. మన పెద్దవాళ్లు తెల్లవారుజామున మంద్రస్థాయి సాధన చేయమన్నది ఊరికే కాదు. ఆ వేళకు గొంతు కింది స్వరాలనే సుఖంగా ఇస్తుంది. నిజానికి మీ సాధన గంటను మీరు అమెరికా పిల్లలకు ఇచ్చేశారు. అది వాళ్లకు హోంవర్కు అయ్యాక వచ్చే సాయంత్రం. మీకు మాత్రం రోజంతటిలో మీదంటూ ఉన్న ఒకే ఒక్క గంట.

ఇందులో మీ తప్పుందని అనడం లేదు. లోను వాయిదా ఉన్న ఇంట్లో ఎవరైనా అదే చేస్తారు. కానీ దసరా కచేరీ కల్యాణి గాంధారం దగ్గర చెడిందని మీరు అనుకుంటున్నారు. నా లెక్క ప్రకారం అది ఆ 5:30 క్లాసు మొదలైననాడే చెడటం మొదలైంది.

కాబట్టి కచేరీలా, పాఠాలా అన్నది తేల్చుకునే ముందు ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరకు వెళ్లండి. బొంగురు మూడు నాలుగు వారాలు దాటి ఉంటే స్వరపేటిక చూపించుకోవాలి. మీకు నెలలు గడిచాయి. సన్నటి కెమెరాతో చూస్తారు, కాసేపటి పని. గొంతుతో బతికేవాళ్లకు తరచుగా వచ్చేవి నాడ్యూల్స్. గడ్డపార పట్టిన చేతికి కాయలు కాసినట్టు స్వరతంత్రుల మీద చిన్న చిన్న కాయలు కాస్తాయి. అవే అయితే భయపడక్కర్లేదు. చాలామందికి ఆపరేషన్ లేకుండా వాయిస్ థెరపీతోనే తగ్గుతాయి. ఇంకేదైనా అయితే అదీ తెలుస్తుంది. తెలియకుండా మీరు ఏ నిర్ణయం తీసుకున్నా చీకట్లో తీసుకున్నట్టే.

కరక్కాయ బుగ్గన పెట్టుకుంటున్నానని, మిరియాల పాలు తాగుతున్నానని రాశారు. తాగండి, హాయిగా ఉంటుంది. కానీ మింగినదేదీ స్వరతంత్రులను తాకదు, అది వెళ్లే దారి వేరు. ఇంకో సంగతి. క్లాసు 8:30కు అయిపోయాక తొమ్మిదిన్నరకు భోంచేసి పదింటికి పడుకుంటున్నారు. పొద్దున్నే గొంతు పట్టేసినట్టు ఉండటానికి పైకి తన్నే ఆమ్లం కూడా కారణం కావచ్చు. డాక్టర్‌కు ఇదీ చెప్పండి. గొంతుకు విశ్రాంతి అంటే గుసగుసలాడటం అనుకునేరు. గుసగుసలతోనూ గొంతు అలిసిపోతుంది.

నా సంగతి ఒకటి చెప్తాను. నేను ముప్పై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పాను. నలభై అయిదో ఏట నాకూ ఇదే జరిగింది. థెరపిస్టు ఒక గ్లాసులో సగం నీళ్లు పోసి, స్ట్రా ముంచి, బుడగలు వచ్చేలా షడ్జం పట్టుకోమన్నారు. అన్నేళ్లు సాధన చేసిన మనిషిని, చంటిపిల్లలా బుడగలు ఊదడమేమిటని చిన్నతనమనిపించింది. ఇంట్లో మా అబ్బాయి చూసి పడీపడీ నవ్వాడు. కానీ మూడో వారానికి బుడగలు ఒకే తీరున రావడం మొదలైంది. అప్పుడు తెలిసింది, అన్నాళ్లూ నేను షడ్జాన్ని పట్టుకోవడం లేదు, పీక నొక్కి మరీ పట్టుకుంటున్నానని. నలభై మంది పిల్లల మీద నుంచి వినపడేలా పాడీ పాడీ అలవాటైపోయింది. ఆర్నెల్లు కచేరీలు మానేశాను. పాఠాలు మానలేదు, చెప్పే తీరు మార్చుకున్నాను.

ఆ తీరు గురించి కొంచెం వివరంగా చెప్తాను, మీకు అక్కరకొచ్చేది అదే. పాఠం చెప్పడమంటే పిల్లలతో పాటు మొదటి నుంచి చివరిదాకా పాడటం అని మనందరికీ అలవాటు. మన గురువులు అలాగే చెప్పారు కదా. కానీ వాళ్ల ముందు కూర్చున్నది ఇద్దరో ముగ్గురో. మీ ముందు బ్యాచ్‌కు ఎనిమిది మంది. ఒక్కసారి పాడండి, తర్వాత నోరు మూసుకుని తాళం వేయండి. పిల్లలు తప్పుతారు. తప్పనివ్వండి. తప్పిన చోట ఆపి ఆ ముక్క ఒక్కటే మళ్లీ అందించండి. మొదట్లో వారం రోజులు గది బోసిపోయినట్టుంటుంది, తల్లులు "మేడమ్ పాడటం లేదేమిటి" అంటారు. నెల తిరిగేసరికి పిల్లలు మీ గొంతు ఆనుకోకుండా పాడటం నేర్చుకుంటారు. అదివరకు మీరు ఆపగానే ఆగిపోయేవాళ్లు కదూ? బ్యాచ్ అంతటికీ ఒకే శ్రుతి పెట్టడం కూడా మానండి. చిన్నవాళ్లను ఒక బ్యాచ్, పెద్ద ఆడపిల్లలను ఒక బ్యాచ్ చేస్తే పెద్దవాళ్లకు మీ ఐదు శ్రుతే సరిపోతుంది. పన్నెండు, పదమూడేళ్ల మగపిల్లలుంటే గొంతు మారే రోజుల్లో పై స్థాయి కోసం ఒత్తిడి చేయొద్దు. ఆ ఏడాదిలో మానేసిన మగపిల్లలు మళ్లీ రావడం నేను చూసింది తక్కువ.

ఆన్‌లైన్ సంగతి ఇంకా తేలిక. కలిసి పాడటం అక్కడ కుదరదు, శబ్దం ఆలస్యంగా వెళ్తుంది కాబట్టి తాళం కలవదు. అందుకని ఒకళ్లు పాడి ఒకళ్లు వినాల్సిందే. మరి అన్నీ మీరే ఎందుకు పాడాలి? పాఠాన్ని మీ గొంతు బాగున్న వేళ, వాళ్ల శ్రుతిలో ఒక్కసారి రికార్డు చేసి పంపండి. క్లాసులో వాళ్లు పాడితే మీరు దిద్దండి. జూమ్‌లో 'ఒరిజినల్ సౌండ్' ఆన్ చేయండి. లేకపోతే ఆ యాప్ తంబురా శ్రుతిని ఫ్యాన్ మోత అనుకుని తీసేస్తుంది. పిల్లలకు వినపడలేదని మీరు ఇంకాస్త గట్టిగా పాడతారు. హెడ్‌ఫోన్ ఒక చెవికే పెట్టుకోండి. రెండు చెవులూ మూసుకుంటే మన గొంతు మనకు వినపడక తెలియకుండానే అరుస్తాం.

ఇక మీ ముందున్న దారులు.

ఒకటి, పాఠాలు బాగా తగ్గించి కచేరీల మీద పడటం. మీ మనసు ఇటే లాగుతోందని తెలుస్తోంది. కానీ మీరు రాసిన లెక్కే చూడండి. ఐదు వేలు వచ్చి ఆరు వేలు పైచిలుకు పోయింది. మన వైపు గుళ్లలో, చిన్న సభల్లో మామూలుగా ఇంతే, పెద్ద పేరున్నవాళ్లకు తప్ప. డిసెంబరులో చెన్నై సభల్లో అవకాశం వచ్చినా మొదటి ఏళ్లలో రైలు ఖర్చులు గిట్టుబాటైతే గొప్ప. ఇంట్లో మరో ఆదాయం నిలకడగా ఉంటేనే ఈ దారి. మీవారి మాట మీకు ముల్లులా గుచ్చుకుందని అర్థమైంది. కానీ ఆయన పాడొద్దనలేదు, లెక్క అడిగారు. ఏడాదికి నాలుగు కచేరీలకు ఇంత అని మీ ఫీజుల్లోంచి ముందే పక్కన పెట్టి చూపించండి. అప్పుడది ప్రతిసారీ వచ్చే గొడవ కాకుండా ఇంటి ఖర్చుల్లో ఒక పద్దు అవుతుంది.

రెండోది, స్కూలు ఉద్యోగం. చేరేముందు మూడు ప్రశ్నలు అడగండి: రోజుకు ఎన్ని పీరియడ్లు, క్లాసుకు ఎంతమంది, మైకు ఇస్తారా? ఏడు పీరియడ్లు, యాభై మంది, మైకు లేదు అంటే మీ గొంతుకు ఇప్పటికంటే ఎక్కువ దెబ్బ. ప్రార్థన గీతాలు, ఆగస్టు 15, వార్షికోత్సవం డ్యాన్సులకు పాటలు, వీటిలో మీ కర్ణాటక సంగీతానికి చోటు తక్కువే. కానీ నెలజీతం ఉంటుంది, సాయంత్రాలు ఖాళీ అవుతాయి. సాయంత్రం క్లాసులు పూర్తిగా మానేసి మరీ చేరితే ఇదీ తీసిపారేయాల్సిన దారి కాదు. రెండూ చేద్దామనుకుంటే మాత్రం ఏడాదిలో గొంతు చేతులెత్తేస్తుంది. డిగ్రీ ఉంటే ఎంఏ సంగీతం చేసి నెట్ రాసే దారి కూడా ఉంది. అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకు నెట్ రాయడానికి గరిష్ఠ వయసు లేదు. పోస్టులు ఎప్పుడు పడతాయో మాత్రం ఎవరూ చెప్పలేరు, దాని మీద ఇల్లు కట్టుకోలేం.

మూడోది, ఒక ఏడాది కచేరీలు ఆపి, పాఠాలను చక్కబెట్టుకుని, మళ్లీ శిష్యురాలు కావడం. నాకు నచ్చేది ఇదే, దాచను. డాలస్ పిల్లలను 6:15కు జరపండి. కాలిఫోర్నియావాళ్లకు అప్పటికి సాయంత్రం ఆరు కూడా దాటదు కాబట్టి వాళ్లకూ ఇబ్బంది ఉండదు. ఇద్దరు ముగ్గురు మానేస్తారు, మానేయనివ్వండి. నవంబరులో అక్కడ గడియారాలు వెనక్కి జరిగినప్పుడు మీరు ఇంకో గంట జరగాల్సొస్తుంది, మీ పిల్లల స్కూలు టైము అడ్డొస్తుంది. ఆ నాలుగు నెలలకు ఒకటి రెండు బ్యాచ్‌లను శని, ఆదివారాలకు మార్చుకోండి. సాయంత్రం సరళీ, జంట వరుసల పిల్లలను మీ దగ్గర వర్ణాలు దాటిన ఇద్దరు అమ్మాయిలకు అప్పగించండి. ఊరికే కాదు, డబ్బిచ్చి. మీరు వారానికి ఒకసారి వచ్చి వినండి. "మేడమ్ చెప్తారని చేర్పించాం" అని కొందరు తల్లులు అలుగుతారు, నలుగురైదుగురు వెళ్లిపోతారు. ఆదాయంలో ఐదో వంతు దాకా తగ్గొచ్చని గుండె నిబ్బరం చేసుకోండి. లోను వాయిదాకు అది చాలకపోతే ఏడాది అనుకున్నది ఆర్నెల్లు చేసుకోండి. మధ్యలో గుడివాళ్లు పిలిస్తే ఏమనాలి అంటారా? "ఈ ఏడు లేదండీ, వచ్చే దసరాకు పాడతాను" అనండి. కొందరు మర్చిపోతారు. అది నష్టమే.

ఇప్పుడు ఆ ఫిడేలు ఆయన మాట. నిజం చెప్పాలంటే మీ ఉత్తరం మొత్తంలో మీకు అందరికంటే మేలు చేసిన మనిషి ఆయనే. రోజూ గంటల తరబడి తొలి పాఠాల రాగమైన మాయామాళవగౌళలో వరుసలు, అలంకారాలు చెప్పినవాళ్ల స్వరకల్పనలో ఆ లెక్కలే దొర్లుతాయి. నాలుక వాటికే అలవాటు పడిపోతుంది. రాగం అలా రాదు. రాగం వినాలి, ఒకే రాగంలో నెలల తరబడి ఉండాలి, తప్పుతుంటే ఎవరో ఎదురుగా కూర్చుని "ఆఁ, అది కాదు" అనాలి. ఆ అనేవాళ్లు మీకు నాలుగేళ్లుగా లేరు. బి హై రాకపోవడానికి గొంతు ఒక్కటే కారణం అనుకోను. మనోధర్మానికి, అంటే రాగాన్ని అప్పటికప్పుడు సొంతంగా అల్లే శక్తికి, తిండి పెట్టడం మానేశారు మీరు.

అందుకే గురువుగారి మాటను నేను ఇంకోలా విన్నాను. ఆయనా జీవితమంతా పాఠాలు చెప్పినవారే కదా. పాఠం చెప్తే గొంతు పాడవుతుందని ఆయన నిజంగా అనుకుంటారా? మీరు ఉగాదికి బట్టలు పెట్టి, కాళ్లకు దణ్ణం పెట్టి వస్తున్నానని రాశారు. ఆయనకు కావలసింది బట్టలు కాదేమో. ఒకరోజు తంబురా పట్టుకుని వెళ్లి, "కల్యాణి మొదటినుంచి చెప్పండి మాస్టారూ" అని కూర్చోండి. 78 ఏళ్ల మనిషి. చెప్పలేనంటే అప్పుడే కదా తెలిసేది. అనరనే నా నమ్మకం.

గాయనినా, టీచర్నా అన్న మీ ప్రశ్నకు మన తెలుగునేల మీదే జవాబులున్నాయి. శ్రీపాద పినాకపాణి గారు వృత్తిరీత్యా డాక్టరు, కర్నూలు మెడికల్ కాలేజీలో వైద్యం బోధించారు. సంగీతంలో నేదునూరి కృష్ణమూర్తి, వోలేటి వేంకటేశ్వర్లు, నూకల చిన సత్యనారాయణ వంటి వాళ్లు ఆయన శిష్యులు. ఆయన ఎన్ని కచేరీలు చేశారని ఎవరూ లెక్క అడగరు. నేదునూరి వారు, బాలమురళీకృష్ణ గారు పెద్ద విద్వాంసులుగా పాడుతూనే ప్రభుత్వ సంగీత కళాశాలలకు ప్రిన్సిపాళ్లుగా పనిచేశారు. పాఠం చెప్తే పాట పోతుందన్నది నిజమైతే వీళ్లెవరూ ఉండకూడదు. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది, చాలామంది దాన్ని చెప్పరు. వాళ్లకు ఒకటో తారీఖున జీతం వచ్చేది. పినాకపాణి గారికి స్టెతస్కోపు ఇంటి బాడుగ కట్టింది. పిల్లల సంఖ్యను బట్టి ఇల్లు గడిచే పరిస్థితి వాళ్లది కాదు. మీరు వాళ్లతో పోల్చుకుని చిన్నబుచ్చుకోవద్దు. మీది వాళ్లకంటే కష్టమైన లెక్క. అలాగని పాఠాన్ని కచేరీ చేయలేనివాళ్లకు దక్కే మిగులుగా చూడొద్దు. మీ ఉత్తరంలో ఒకచోట "ఉత్త ట్యూషన్ టీచర్ని" అన్నారు. ఆ "ఉత్త" నాకు నచ్చలేదు.

పై మూడు దారుల్లో ఏది ఎంచుకున్నా ఆరు నెలల తర్వాత మార్చుకోవచ్చు, సంతకాలేమీ పెట్టడం లేదు కదా. డాక్టర్ దగ్గరకు వెళ్లడం మాత్రం ఈ వారంలోనే. వెళ్లేటప్పుడు ఫోన్‌లో మీ పాత కచేరీ రికార్డింగు ఒకటి, పోయిన దసరాది ఒకటి పెట్టుకెళ్లండి, తేడా వినిపించడానికి పనికొస్తుంది. అక్కడ ఓపీ కాగితంలో వృత్తి అని ఒక గడి ఉంటుంది. ఇంట్లో క్లాసులు చెప్పే ఆడవాళ్లం చాలామందిమి అందులో గృహిణి అని రాసేస్తాం, నేనూ రాసినదాన్నే. అలా రాస్తే చలవ చేసే బిళ్లలిచ్చి పంపిస్తారు. గాయని, సంగీతం టీచర్ అని రెండూ రాయండి. రోజుకు ఆరు గంటలు పాడతానని, అడగకపోయినా చెప్పండి.